సెల్‌ఫోను – బొటనవేలి నొప్పి

కాలు నొప్పి పెడితే కుంటుకుంటూ అయినా బడికి పోగలం. రాసే చేయి నొప్పి పెడితే మూడు గంటల పరీక్ష ఎలా రాస్తాం? ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మాలాంటి వాళ్లకు ఆస్తి ఆ చేయే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

2020 మార్చిలో కరోనాతో హాస్టళ్లు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇళ్లలో ఫోనే తరగతి గది అయింది. పాఠాలు మళ్లీ బడికి వచ్చాయి, ఫోను మాత్రం చేతిలోనే ఉండిపోయింది. దసరా, సంక్రాంతి సెలవుల్లో పొద్దంతా ఆటలు, వీడియోలే.

నొప్పి ఎందుకు వస్తుంది?

బొటనవేలిని కదిలించే రెండు స్నాయుబంధనాలు మణికట్టు పక్కన ఒకే సన్నని తొడుగులోంచి పోతాయి. వేలిని విరామం లేకుండా ఆడిస్తే ఆ తొడుగు మందమై దారి ఇరుకవుతుంది. అప్పుడు వేలు కదిపితే నొప్పి. 1895లో స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ దీన్ని వివరించాడు. అప్పటికి సెల్‌ఫోనే లేదు. 1990లో అమెరికాలో వీడియో గేముల వల్ల వచ్చిన బొటనవేలి నొప్పిని వైద్య పత్రికలో రాశారు. అంటే వస్తువు మారినా కారణం ఒకటే: ఒకే కదలికను పదేపదే చేయడం.

కుసుమంచి చుట్టుపక్కల పత్తి తీసే, మిరపకాయలు ఏరే మన అమ్మల చేతులకూ ఇలాంటి నొప్పులు వస్తాయి. వాళ్లు పని ఆపితే కూలి పోతుంది. మనం ఫోను ఆపితే పోయేది ఏమీ లేదు.

గుర్తులు

1. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి, వాపు.
2. బకెట్ ఎత్తినా, పెన్ను పట్టినా నొప్పి పెరగడం.
3. రాత్రిపూట బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అది వేరే సమస్య. మణికట్టులోని నరం నొక్కుకుపోవడం వల్ల కావచ్చు.

జాగ్రత్తలు

1. ఇరవై నిమిషాలకు ఒకసారి ఫోను పక్కన పెట్టాలి.
2. ఒక్క బొటనవేలితో కాక, ఫోనును బల్లమీద పెట్టి చూపుడు వేలితో వాడాలి. పెద్ద సందేశాన్ని నోటితో చెప్పి పంపవచ్చు.
3. నొప్పి ఉన్నప్పుడు గట్టిగా మర్దన చేయరాదు. వేలికి విశ్రాంతి ఇచ్చి, గుడ్డలో చుట్టిన ఐసు కొద్దిసేపు పెట్టాలి.
4. రెండు వారాల్లో తగ్గకపోయినా, తిమ్మిరి ఉన్నా, పట్టు సడలినా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. మొదట్లోనే వెళితే చాలామందికి పట్టీ, విశ్రాంతి, వ్యాయామాలతోనే తగ్గుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోను తీసేసుకుంటారని భయపడి నొప్పిని దాచుకోకండి. వార్డెన్‌కు చెప్పండి. ఫోను పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, పరీక్ష నాటికి చేయి బాగుండాలి.