వెలుతురు గుచ్చుకుంటోందని పిల్లలు చెబితే...



"అమ్మా, లైటు తీసెయ్యి, తల పగిలిపోతోంది" అని పిల్లలు అంటే, అదీ హోంవర్క్ ముందు పెట్టుకుని అంటే, మనకు మొదట వచ్చే అనుమానం ఒకటే: చదువు ఎగ్గొట్టడానికి సాకేమో! కంటి పరీక్ష చేయిస్తే చూపు బాగానే ఉందంటారు. దాంతో అనుమానం ఇంకా బలపడుతుంది. కానీ చూపు బాగుండటం వేరు, వెలుతురును ఓర్చుకోగలగడం వేరు. అది ఎందుకో ఈ నెల తెలుసుకుందాం.

కంట్లో మూడో రకం కణాలు

కంటి లోపల, వెనుక వైపున ఉండే పలుచని పొర పేరు రెటీనా. అందులో దండ కణాలు, శంకు కణాలు ఉంటాయని మీ పిల్లల సైన్సు పుస్తకంలో చూసే ఉంటారు. ఒక్కో కంట్లో దండ కణాలు సుమారు 12 కోట్లు, శంకు కణాలు సుమారు 60 లక్షలు. మసక వెలుతురులో చూడటానికి మొదటివి, పగటిపూట రంగులను, చిన్న అక్షరాలను గుర్తుపట్టడానికి రెండోవి పనికొస్తాయి.

కాంతిని గ్రహించేవి ఈ రెండే అని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 1998లో ఇగ్నాసియో ప్రోవెన్సియో బృందం కప్ప చర్మంలో మెలనాప్సిన్ అనే కాంతిగ్రాహక పదార్థాన్ని కనుగొంది. తర్వాత అది మనిషి రెటీనాలోనూ ఉందని తేలింది. ఈ పదార్థం ఉన్న కణాలు దండ, శంకు కణాల సాయం లేకుండా సొంతంగా కాంతికి స్పందిస్తాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం ఎలుకల్లో నిరూపించింది.

ఈ కణాలు ఒక్కో కంట్లో కొన్ని వేలు మాత్రమే ఉంటాయి. బొమ్మను చూపించడం వీటి ముఖ్యమైన పని కాదు. బయట వెలుతురు ఎంత ఉందో మెదడుకు చెప్పడం, ఎండలోకి రాగానే కంటిపాపను చిన్నది చేయించడం, నిద్ర వేళలను సరిచేయడం వీటి బాధ్యత. వీటిని ఎక్కువగా కదిలించేది నీలి కాంతి.

వెలుతురు నొప్పిగా ఎలా మారుతుంది?

మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి ఉన్నవారికి వెలుతురు అసలు గిట్టదు. అమెరికాలో రామి బర్‌స్టీన్ బృందం చూపు లేని 20 మంది మైగ్రేన్ రోగులను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. వారిలో ఆరుగురికి వెలుతురు ఉందో లేదో కూడా తెలియదు. వెలుతురు వల్ల వారి తలనొప్పి పెరగలేదు. మిగిలిన 14 మందికి బొమ్మ కనిపించదు కానీ వెలుతురు తెలుస్తుంది. వారికి మాత్రం వెలుతురులో నొప్పి పెరిగింది! అంటే చూపుతో నిమిత్తం లేకుండానే వెలుతురు బాధ పెట్టగలదన్నమాట.

అదే బృందం ఎలుకల మెదడులో ఆ దారిని కూడా గుర్తించింది. మెదడు చుట్టూ ఉండే పొరల నుంచి నొప్పి కబురు థలామస్ అనే భాగానికి చేరుతుంది. కంటి నుంచి వెలుతురు కబురు కూడా అక్కడి అవే నాడీకణాలకు చేరుతుంది. తలనొప్పి సమయంలో అవి అప్పటికే రేగి ఉంటాయి. ఆ సమయంలో వెలుతురు పడితే పుండు మీద కారం చల్లినట్టే.

ఇందులో శంకు కణాల పాత్ర కూడా ఉంది. మైగ్రేన్ ఉన్నవారి కళ్లు పంపే సంకేతాలు మామూలుగానే ఉన్నా, ఆ తర్వాతి దశలో అవి ఎక్కువ బాధగా మారుతున్నాయని 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. కంటి పరీక్షలో ఏ లోపమూ కనిపించకపోయినా బాధ నిజమే కావచ్చు.

మీరు ఏం చేయవచ్చు?

• తలనొప్పి వచ్చినప్పుడు మసక వెలుతురున్న గదిలో కాసేపు పడుకోనివ్వండి. తగ్గాక మామూలు వెలుతురులోకి తీసుకురండి.

• రోజంతా కర్టెన్లు వేసి ఉంచడం, ఇంట్లో నల్ల కళ్లద్దాలు పెట్టడం వద్దు. కన్ను చీకటికి అలవాటుపడితే వెలుతురు మరింత గుచ్చుకుంటుంది. ఎండలో మాత్రం టోపీ, చలువ కళ్లద్దాలు మంచివే.

• చదువుకునేటప్పుడు బల్బు నేరుగా కంట్లో పడకుండా చూడండి. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు ఉంటే మార్చండి. చీకటి గదిలో ఫోన్ చూడనివ్వకండి.

• భోజనం, నీళ్లు, నిద్ర వేళకు ఉండేలా చూడండి. వేళ తప్పితే మైగ్రేన్ రావచ్చు.

• నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, అంతకుముందు ఏం జరిగింది అన్నది నోట్‌బుక్‌లో రాయండి. డాక్టరుకు అది చాలా ఉపయోగపడుతుంది. మీ అంతట మీరు తరచూ నొప్పి మాత్రలు వేయకండి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

వెలుతురు పడకపోవడానికి కారణం ప్రతిసారీ మైగ్రేనే కాదు. కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా, చూపు మసకబారినా, కంటికి దెబ్బ తగిలినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మగత, లేదా తలకు దెబ్బ తగిలాక వెలుతురు పడకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పసిపాప ఉంటే, వెలుతురుకు కళ్లు గట్టిగా మూసుకోవడం, ఎప్పుడూ నీరు కారడం, నల్లగుడ్డు పెద్దగా లేదా మబ్బుగా కనిపించడం పుట్టుకతో వచ్చే గ్లకోమా లక్షణాలు కావచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపే పోవచ్చు.

మీ చిన్నారికి ఈ ఇబ్బంది ఉంటే క్లాస్ టీచరుకు డైరీలో రాసి పంపండి. కిటికీకి, బోర్డు మీది మెరుపుకు దూరంగా సీటు మార్చడం చిన్న పనే. కానీ తనకు బాధగా ఉందంటే ఇంట్లోనూ బడిలోనూ నమ్ముతారన్న ధైర్యం పిల్లలకు దొరుకుతుంది. ఆ ధైర్యం ఉంటేనే తర్వాతిసారి కూడా దాచుకోకుండా చెబుతారు.