కృష్ణా బోర్డు ఖర్చులో ఎవరి వంతెంత?

మన నకరికల్లు పొలములకు నీరు తెచ్చు సాగరు కుడికాలువలోనికి 1967 ఆగష్టు 4వ తేదీన నీరు విడిచిరి. నాడు రాష్ట్ర మొక్కటే. 2014లో తెలంగాణ వేరుపడగా, ఉమ్మడి జలముల పర్యవేక్షణకు కృష్ణానదీ యాజమాన్య బోర్డు ఏర్పడినది. దాని వ్యయమును రెండు రాష్ట్రములే భరింపవలెను.

2021 జులై 15 నాటి కేంద్రప్రకటనము ప్రకారము ఒక్కొక్క రాష్ట్రము 60 దినములలో 200 కోట్ల రూపాయలు తొలినిధిగా జమచేయవలెను. పిమ్మట బోర్డు కోరిన సొమ్మును 15 దినములలో చెల్లింపవలెను. గడువులోపల ఆ తొలినిధి చేరలేదు.

వంతులు సమముగా నున్నను నీరు సమముగా లేదు. 2015 నాటి తాత్కాలికపు టేర్పాటున 811 టి.ఎం.సి.లలో (ఒక టి.ఎం.సి. యనగా శతకోటి ఘనపుటడుగులు) ఆంధ్రకు 512, తెలంగాణకు 299. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: ఆ 400 కోట్లను నీటినిబట్టి పంచినచో మన వంతు సుమారు 252½ కోట్లగును. కచేరి ఖర్చులు నీటినిబట్టి పెరుగవు గనుక తొలినిధి సమముగా నుండుటే న్యాయమని మాకు తోచుచున్నది. నీటికొలతకై ముందు ముందు కోరబోవు సొమ్ము మాత్రము వాడకమునుబట్టి యుండవలెను. అది మనకే భారమైనను సరే. కొలత సరిగా లేనిచో తగవు కాలువమీదికే వచ్చును. 2023 నవంబరు 30న ఈ కుడికాలువకు నీరు విడుచుట గూర్చియే సాగరు ఆనకట్టపై రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచిరి.