ఒక దుప్పటి, ఎన్నో చేతులు



"మేడమ్, గ్రూప్ ప్రాజెక్ట్ అంతా మా పాపే చేసింది. మార్కులు మాత్రం అందరికీ సమానంగా వేశారేంటి?" పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

మచిలీపట్నం పక్కనున్న పెడనలో కలంకారీ దుప్పటి ఎలా తయారవుతుందో చూడండి. ఒకరు టేకు చెక్కపై అచ్చు చెక్కుతారు. ఒకరు బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. ఒకరు ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి నలుపు రంగు చేస్తారు. ఒకరు అద్దుతారు, ఇంకొకరు పారే నీటిలో ఉతుకుతారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. అంచు అచ్చుకీ, లోపల నింపే అచ్చుకీ కొలత కుదరకపోతే పువ్వులోని ఎరుపు గీత దాటిపోతుంది. అందుకే చెక్కేవారు అద్దేవారి మాట వినాలి. రేపు మన పిల్లలు డిజైనర్లయినా, యానిమేటర్లయినా పని ఇలాగే సాగుతుంది.

అయితే అక్కడ ఎవరి పని ఏదో అందరికీ తెలుసు. నా క్లాసులో ఆ స్పష్టత లేదు, అది నా పొరపాటు. ఇకపై ప్రతి విద్యార్థీ తన వంతు పనిని నోట్‌బుక్‌లో రాస్తారు. దానికి విడిగా మార్కులుంటాయి.

మీరూ ఇంట్లో "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ముందు ఇలా అడగండి: "నువ్వేం చేశావు? నీ పక్కవాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నావు?"