ఆపేది ఎంత, ఆపనిది ఎంత: ఎన్‌బీఎంపీఆర్‌తో పని మొదలుపెట్టేవారికి

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోనో మరోచోటో ఒక కాంట్రాక్టు రీసెర్చ్ కంపెనీలో కొత్తగా చేరారు. సెల్ బయాలజీ గ్రూపులో వేశారు. టీమ్ లీడర్ ఒక ప్రొటోకాల్ చేతికిచ్చి, ఫ్రీజర్‌లోని చిన్న సీసా చూపించి, ‘‘ఇది ఎన్‌బీఎంపీఆర్, న్యూక్లియోసైడ్ అప్‌టేక్‌కి ఇన్‌హిబిటర్. వచ్చే వారం నుంచి ఈ అస్సే నీదే’’ అన్నారు. ఎం.ఎస్సీ.లోనో, ఎం.ఫార్మసీలోనో ఈ పేరు మీ చెవిన పడి ఉండకపోవచ్చు. కంగారేమీ లేదు. ప్రొటోకాల్ చూసి ప్లేటు నింపడం కొన్నాళ్లలో ఎవరికైనా వస్తుంది. ఈ పదార్థం ఏ మోతాదులో దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో తడుముకోకుండా చెప్పగలగడం మాత్రం కొందరికే వస్తుంది. కంపెనీ మీకు జీతమిచ్చేది ఆ రెండో దానికే.

ముందు దాని సంగతి

అడినోసిన్, యూరిడిన్ వంటి న్యూక్లియోసైడ్లు నీటిలో కరిగే అణువులు. కొవ్వుతో చేసిన కణపొరను వాటంతట అవి సులువుగా దాటలేవు. దాటించే ప్రొటీన్లు రెండు కుటుంబాలు. మొదటిది ఈఎన్‌టీ. ఇవి రెండు చెరువుల నడుమ తూములాంటివి. ఎటు మట్టం ఎక్కువుంటే అటునుంచి ఇటు పారుతుంది. రెండోది సీఎన్‌టీ. ఇవి సోడియం సాయంతో, తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు కూడా లాక్కుపోగలవు.

ఎన్‌బీఎంపీఆర్ ఆపేది ప్రధానంగా ఈఎన్‌టీ-1ని. దానికి కొద్ది నానోమోలార్లు చాలు. ఈఎన్‌టీ-2ని ఆపాలంటే మైక్రోమోలార్లలోకి వెళ్లాలి, అంటే వందల నుంచి వేల రెట్లు ఎక్కువ. సీఎన్‌టీల జోలికి అది పోదు. ఈ తేడా ఆధారంగానే ఒకప్పుడు శాస్త్రవేత్తలు ఈ దారులను ‘ఎన్‌బీఎంపీఆర్‌కు లొంగేది’, ‘లొంగనిది’ అని విడదీశారు. అప్పటికి వాటి జన్యువులు తెలియవు. కెనడాలోని అల్బర్టా, ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయాల బృందాలు మానవ మావి నుంచి ఈఎన్‌టీ-1 జన్యువును పట్టుకున్నది 1997లో. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎన్‌బీఎంపీఆర్ అంటుకుని ఉన్న ఈఎన్‌టీ-1 స్ఫటిక నిర్మాణాన్ని 2019లో ప్రచురించారు.

కంపెనీలకు ఇదంతా ఎందుకంటే, క్యాన్సర్‌కు వాడే జెమ్‌సైటబిన్, సైటరబిన్, వైరస్‌లకు వాడే రైబవిరిన్ వంటి మందులు కణంలోకి పోయేది చాలావరకు ఈ దారినే. ఈఎన్‌టీ-1ని మూస్తే జెమ్‌సైటబిన్ లోపలికి పోవడం తగ్గుతుంది, కణం బతికిపోతుంది. కొత్త మందు ఏ దారిన పోతోందో తేల్చడానికి ఎన్‌బీఎంపీఆర్ ఒక కొలమానం. అది పరిశోధనకే, రోగులకిచ్చే మందు కాదు.

సీసా తెరిచే ముందు

ఆర్డరు పెట్టే పని మీ మీద పడితే ఒకటి గుర్తుంచుకోండి. ఇదే పదార్థం కొన్ని కేటలాగుల్లో ఎన్‌బీటీఐ పేరుతోనూ, నైట్రోబెంజైల్‌థయోఇనోసిన్ పేరుతోనూ ఉంటుంది. ఫ్రీజర్‌లో ఉన్నదాన్నే మళ్లీ తెప్పించకుండా సీఏఎస్ సంఖ్య సరిచూడండి. అణుభారం 419.4.

నీటిలో సరిగా కరగదు. డీఎంఎస్‌ఓలో కరుగుతుంది. 1 మిల్లీగ్రాముకు 238 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ పోస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. దాన్ని చిన్న చిన్న ట్యూబులుగా పంచి, లాట్ నంబరు, తేదీ, మీ ఇనీషియల్స్ రాసి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. ఒక్క ట్యూబునే మళ్లీ మళ్లీ కరిగించి, గడ్డకట్టించి వాడొద్దు.

డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఏసీ గట్టిగా ఉన్న గదిలో పైకి కరిగినట్టుండి అడుగున గడ్డ మిగలవచ్చు. పూర్తిగా కరిగాక, బాగా కలిపాకే తీయండి. మూత తెరిచి ఉంచితే గాలిలోని తేమను పీల్చుకుంటుంది, స్టాక్ పలచబడుతుంది.

వెలుతురు దీనికి పడదు. అతినీలలోహిత కాంతి తగిలితే ఈ అణువు తాను అంటుకున్న ప్రొటీన్‌తో శాశ్వతంగా బంధం వేసుకుంటుంది. రవాణా ప్రొటీన్‌ను గుర్తుపట్టడానికి పాతతరం శాస్త్రవేత్తలు ఈ గుణాన్నే వాడుకున్నారు. మీకు మాత్రం అది తలనొప్పి. ట్యూబులకు ఫాయిల్ చుట్టండి. యూవీ దీపం వేసే హుడ్‌లో స్టాక్ వదిలేసి టీకి వెళ్లకండి.

గ్లవ్స్ సంగతి. డీఎంఎస్‌ఓ చర్మంలోంచి సులువుగా దూరుతుంది, తనలో కరిగినవాటిని వెంట తీసుకుపోతుంది. గ్లవ్ మీద చుక్క పడితే తుడుచుకుని పని కొనసాగించొద్దు, వెంటనే మార్చేయండి. పదార్థంతో వచ్చే భద్రతా పత్రం చదివి సంతకం పెట్టడం ఒక తంతు అనుకోవద్దు.

ప్లేటు మీద

10 మిల్లీమోలార్ స్టాక్‌ను నేరుగా బఫర్‌లో పలుచన చేస్తూ పోతే మొదటి మెట్టులోనే అవక్షేపం పడవచ్చు. మధ్య మెట్టు డీఎంఎస్‌ఓలోనే చేయండి. నూరు రెట్లు పలుచన చేస్తే 100 మైక్రోమోలార్. దాన్నుంచి బఫర్‌లోకి వెయ్యింట ఒక వంతు వేస్తే 100 నానోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. ఇన్‌హిబిటర్ లేని బావుల్లో కూడా అదే 0.1 శాతం డీఎంఎస్‌ఓ ఉండాలి. అది లేని కంట్రోల్ కంట్రోలే కాదు.

కనీసం నాలుగు వరుసలు పెట్టండి. ఒకటి డీఎంఎస్‌ఓ మాత్రమే. రెండు, 100 నానోమోలార్ ఎన్‌బీఎంపీఆర్. ఇక్కడ తగ్గిన భాగం ఈఎన్‌టీ-1ది. మూడు, 10 మైక్రోమోలార్. ఇక్కడ అదనంగా తగ్గింది ఈఎన్‌టీ-2లో చాలా భాగం. నాలుగు, సోడియం బదులు కోలీన్ ఉన్న బఫర్‌లో 10 మైక్రోమోలార్. ఇక్కడ ఇంకా తగ్గితే సీఎన్‌టీ ఉన్నట్టు. ఆ తరువాతా మిగిలింది పొరలోంచి ఊరినదో, ప్లాస్టిక్‌కు అంటుకున్నదో అయి ఉండవచ్చు. దాన్ని వేరుగా కొలవండి.

ఇన్‌హిబిటర్‌ను ముందు వేసి 10–15 నిమిషాలు ఆగి, ఆ తరువాత న్యూక్లియోసైడ్ వేయండి. వరుస తారుమారైతే అర్థమే మారిపోతుంది. ఈ తూము రెండు వైపులా పారుతుంది కాబట్టి, కణం నిండాక ఎన్‌బీఎంపీఆర్ వేస్తే లోపలికి రావడంతో పాటు బయటికి పోవడమూ ఆగుతుంది. ఈ గుణాన్ని మంచికీ వాడుకోవచ్చు. అప్‌టేక్ ఆపడానికి పోసే చల్లటి కడుగు ద్రావణంలో ఎన్‌బీఎంపీఆర్ కలిపితే, కడుగుతుండగా లోపలి సరుకు జారిపోదు. కలిపేటట్లయితే అన్ని బావులకూ ఒకేలా కలపాలి.

సమయం సెకన్లలో ఉండాలి. లోపలికి వచ్చిన న్యూక్లియోసైడ్‌కు కణంలోని కైనేజులు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అప్పుడది బయటికి పోలేదు. అడినోసిన్‌కు ఇది మరీ వేగంగా జరుగుతుంది. పది నిమిషాలు ఆగి కొలిస్తే మీరు కొలిచింది రవాణా కాదు, ఎంజైము పని. చేయి తిరిగేదాకా యూరిడిన్‌తో సాధన చేయండి. ఒకరు పిపెట్, ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకోవడం నామోషీ కాదు.

సీరం కలిసిన మీడియంలో ఈ ప్రయోగం పెట్టొద్దు. పశువుల సీరంలో సొంత న్యూక్లియోసైడ్లూ, అడినోసిన్‌ను మార్చేసే ఎంజైమూ ఉంటాయి. బఫర్‌తో కణాలను కడిగి మొదలుపెట్టండి.

ఇక కొత్తవాళ్లు గమనించని ఉచ్చు ఒకటుంది. నానోమోలార్లలో పనిచేసే పదార్థానికి మరక చాలు. 10 మైక్రోమోలార్ బావిని తాకిన టిప్ వెయ్యింట ఒక వంతు ద్రవాన్ని పక్క బావిలోకి మోసినా అక్కడ 10 నానోమోలార్ అవుతుంది. ఈఎన్‌టీ-1 మూతపడడానికి అది చాలు. మీ కంట్రోల్ తెలియకుండానే చెడిపోతుంది. అందుకే కంట్రోల్ నుంచి తక్కువ మోతాదుకు, అక్కడి నుంచి ఎక్కువ మోతాదుకు వెళ్లండి. టిప్పులు, ట్రేలు మార్చండి. ఈ అణువు గట్టిగా పట్టుకుని నెమ్మదిగా వదులుతుంది, కాబట్టి ఒకసారి కడిగేసి ‘పోయింది’ అనుకోవద్దు.

ట్రిషియం ఉంటే

చాలా ల్యాబుల్లో ఈ కొలత ట్రిషియం తగిలించిన యూరిడిన్‌తోనే. దాని బీటా కిరణాల శక్తి చాలా తక్కువ. మీ ఛాతీ మీది టీఎల్‌డీ బ్యాడ్జీ దాన్ని పసిగట్టదు. మామూలు గైగర్ కౌంటర్ కూడా మోగదు. బ్యాడ్జీ ఉందన్న ధైర్యం ఇక్కడ ఉత్తదే. బల్లను తుడిచిన కాగితాన్ని సింటిలేషన్ కౌంటర్‌లో లెక్కించడమే దారి. పని ముందు, పని తరువాత చేయండి, రిజిస్టర్లో రాయండి. ప్రమాదం బయటి కిరణాలతో కాదు, లోపలికి పోతేనే. కాబట్టి ఆ గదిలో తినడం, తాగడం, ఫోను ముట్టుకోవడం కూడదు. అర్ధాయుష్షు 12.3 ఏళ్లు, చెత్తను విడిగా పెట్టాల్సిందే. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, రేడియేషన్ భద్రతాధికారి ఇచ్చే శిక్షణ లేకుండా ఎవరు తొందరపెట్టినా సీసా ముట్టుకోకండి. అవి అడగడం మీ హక్కు.

లెక్క తేలనప్పుడు

100 నానోమోలార్ దగ్గర అప్‌టేక్ పూర్తిగా ఆగుతుందని ప్రొటోకాల్ చెబుతోంది. మీకు 60 శాతమే తగ్గింది. ఇక్కడే చాలామంది ఆ ప్లేటును పక్కన పడేసి ‘మంచి’ ప్లేటు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తారు. అలా చేయొద్దు. స్టాక్ పాతదా, వెలుతురు తగిలిందా, అవక్షేపం ఉందా, సమయం ఎక్కువైందా అని వరుసగా చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే కణాలే నిజం చెబుతున్నాయి. హీలా కణాల్లో ఈఎన్‌టీ-1, 2 రెండూ ఉంటాయి. అక్కడ ఒక్క దెబ్బకు అంతా ఆగితేనే అనుమానించాలి.

ఎన్‌బీఎంపీఆర్ అయిపోయిందని మరో ఇన్‌హిబిటర్ డిపిరిడమోల్ వేసి సరిపెట్టబోతే ముందు కణం ఏ జంతువుదో చూడండి. మనిషి ఈఎన్‌టీ-1 డిపిరిడమోల్‌కు లొంగుతుంది, ఎలుక జాతి ర్యాట్ ఈఎన్‌టీ-1 దాదాపు లొంగదు. పైగా డిపిరిడమోల్ ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైములనూ ఆపుతుంది.

టీమ్ లీడర్ దగ్గరికి ‘రాలేదు సార్’ అని వెళ్లకండి. ఇలా వెళ్లండి: ‘‘సార్, 100 నానోమోలార్ దగ్గర అరవై శాతమే తగ్గింది. స్టాక్ కొత్తది, కంట్రోల్ బాగుంది. మిగతాది ఈఎన్‌టీ-2 అనుకుంటున్నా. 10 మైక్రోమోలార్‌తో, సోడియం లేని బఫర్‌తో చూస్తే తేలుతుంది. ఒక ప్లేటు అదనంగా కావాలి.’’ సమస్య, అనుమానం, తేల్చే దారి, కావలసిన ఖర్చు ఐదు వాక్యాల్లో వచ్చేశాయి. ఇలా చెప్పేవారికి తరువాతి ప్రాజెక్టు తొందరగా వస్తుంది.

నోట్‌బుక్, ఆపై ఇంటర్వ్యూ

లాట్ నంబరు, స్టాక్ తేదీ, కణాల పాసేజ్ సంఖ్య, డీఎంఎస్‌ఓ శాతం, వేసిన వరుస, సెకన్లు, కడుగు ద్రావణంలో ఏముందో, అన్నీ చేస్తున్నప్పుడే రాయండి. టిష్యూ మీద రాసుకుని సాయంత్రం ఎక్కించడం వద్దు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన కారణం, తేదీ, సంతకం పెట్టండి. మంచి ప్రయోగశాలా పద్ధతి కింద జరిగే పని అయితే ఇది మర్యాద కాదు, నిబంధన. ఓఈసీడీ దేశాలు ఒకరి పరీక్షా ఫలితాలను మరొకరు అంగీకరించే ఏర్పాటులో భారత్ 2011లో పూర్తి స్థాయిలో చేరింది. మీ నోట్‌బుక్‌లోని పేజీని రేపు వేరే దేశం నియంత్రకులు తెరిచి చూడవచ్చు.

రిపోర్టులో ‘ఈఎన్‌టీ-1 ద్వారా పోయింది’ అని తొందరపడి రాయొద్దు. మీరు చూసింది ‘100 నానోమోలార్ ఎన్‌బీఎంపీఆర్‌కు లొంగిన అప్‌టేక్’. అదే రాయండి. ప్రొటీన్ పేరు పెట్టాలంటే జన్యువును తీసేసిన కణాలతోనో, అది ఒక్కటే పెట్టిన కణాలతోనో మరో ఆధారం కావాలి.

ఉద్యోగం మారేటప్పుడు ‘అప్‌టేక్ అస్సేలు చేశాను’ అన్న రెజ్యూమే వాక్యం ఏమీ చెప్పదు. ‘మోతాదు తేడాతో ఈఎన్‌టీ-1, ఈఎన్‌టీ-2 వాటాలు విడదీశాను, ట్రిషియం పద్ధతిలో శిక్షణ పొందాను’ అని రాస్తే అవతలివారు అడగడానికి ఏదో దొరుకుతుంది. పాత కంపెనీ గ్రాఫులు మాత్రం ఫోనులో పట్టుకెళ్లొద్దు, అవి క్లయింటువి. బోర్డు దగ్గర మార్కర్ తీసుకుని, హీలా కణాల్లో 0.1 నానోమోలార్ నుంచి 10 మైక్రోమోలార్ దాకా గీత ఎలా దిగుతుందో గీయండి. మొదటి మెట్టు నానోమోలార్ల దగ్గర, తరువాత కొంత దూరం చదును, రెండో మెట్టు మైక్రోమోలార్ల దగ్గర. ఆ చదును ఎందుకుందో, రెండో మెట్టు అడుగున ఇంకా మిగిలిందేమిటో అడగకముందే చెప్పండి. ఆ రెండు జవాబుల తరువాత మాట జీతం వైపు మళ్లే అవకాశం బాగా ఎక్కువ.