సత్యోపదేశం క్లాసుకు మా అమ్మాయి వెళ్లాల్సిందేనా?

ప్రశ్న: మేం హిందువులం. మా అమ్మాయి క్యాథలిక్ సిస్టర్లు నడిపే హైస్కూల్లో ఎనిమిదో తరగతి. అక్కడ మత పాఠాలు తప్పనిసరా? వద్దంటే టీచర్లు చిన్నచూపు చూస్తారేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: తప్పనిసరి కాదమ్మా. ప్రభుత్వ గుర్తింపు గానీ, నిధుల సాయం గానీ ఉన్న ఏ విద్యాసంస్థలోనూ విద్యార్థిని మతబోధకో, ప్రార్థనకో బలవంతంగా కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. 30వ అధికరణం మైనారిటీలకు బడులు నడుపుకునే హక్కు ఇచ్చింది. అంతమాత్రాన మీ పాపకున్న ఈ రక్షణ పోదు.

చాలా క్యాథలిక్ బడుల్లో ఒకే పీరియడ్‌లో రెండు క్లాసులు నడుస్తాయి. బైబిలు, జపాలు, దివ్య సంస్కారాలు నేర్పే సత్యోపదేశానికి క్యాథలిక్ పిల్లలు వెళ్తారు. మిగతావాళ్లకు మోరల్ సైన్స్. మీ అమ్మాయి ఏ గదిలో కూర్చుంటోందో అడగండి, తెచ్చుకున్న పుస్తకం ఒకసారి తిరగేయండి. మోరల్ సైన్స్ అయితే మాన్పించకండి. నిజాయితీ, తోటివారిపట్ల దయ లాంటివి ఆ వయసులో చెప్పించుకోవడం మంచిదే.

ఇతర మతాల పిల్లలపై క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యే 2024లో తమ బడులకు సూచించింది. కాబట్టి మొహమాటపడకుండా హెడ్‌మిస్ట్రెస్‌ను కలవండి. నోటిమాటతో సరిపెట్టకుండా ఉత్తరం రాసివ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి. అమ్మాయి మనసులో ఏముందో కూడా కనుక్కోండి. స్నేహితురాళ్లతో కలిసి క్రిస్మస్ పాట పాడాలని తనకే ఉంటే మాత్రం అడ్డు చెప్పకండి.