ఇస్లాము చరిత్రమును తెలిసికొను మార్గము: మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవారికొక పాఠము



పొరుగువాని మతమును గూర్చి మనకు తెలిసినదెంత, విన్నదెంత యని విడదీసి చూచుకొనుట కష్టమైన పని. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో హిందువులును ముసల్మానులును తరతరములుగా నొకే యంగడివీథిలో బేరసారములు చేయుచున్నారు. ఒకరి పెండ్లికి ఒకరు పోవుచున్నారు. అయినను పొరుగువారు ఏమి నమ్ముదురో, వారి పెద్దలు ఈ సీమకు ఎట్లు వచ్చిరో, లేక ఈ సీమవారే యెట్లు ముసల్మానులైరో అడిగినచో మనలో ననేకులు ఎవరో చెప్పిన మాటనే మరల చెప్పుదురు. నెమ్మదికాలమున దీనివలన గొప్ప చెరుపు కనబడదు. కలహము పుట్టిన దినమున మాత్రము ఆ విన్నమాటయే ప్రమాణమై కూర్చుండును. కావున ఈ పాఠమున మేము ఏ మతమునకును ఖండనమండనములు చేయ పూనుకొనము. ఇస్లాము చరిత్రమును, ఆచారమును పండితులు ఏయే మార్గముల శోధించిరో, ఆ మార్గములు మన సీమకు ఎట్లు పనికివచ్చునో మాత్రమే విన్నవింతుము.

మొదటి మార్గము, మూలగ్రంథమును దాని భాషలో చదువుట. రామమోహనరాయలవారు పారసీ, అరబ్బీ భాషలను చక్కగా నేర్చినవారు. వారు తమ తొలి గ్రంథమైన తుహ్ఫతుల్ మువహ్హిదీను, అనగా ఏకేశ్వరవాదులకు కానుక, అను దానిని 1803-04 ప్రాంతమున పారసీ భాషలోనే వ్రాసి దానికి అరబ్బీలో పీఠిక చేర్చిరి. తరువాత గిరీశచంద్రసేనుగారు నలువదియేండ్లు దాటిన వయస్సున, 1876లో, లక్నోకు పోయి అరబ్బీ నేర్చుకొని, 1881 మొదలు 1886 వరకు కష్టపడి ఖురానును వంగభాషలోనికి తెచ్చిరి. మన తెలుగున చిలుకూరి నారాయణరావుగారు ఖురానునకు అనువాదము చేయగా అది 1925లో వెలువడెను. వీరు మువ్వురును ముసల్మానులు కారు. అన్యమతగ్రంథమును తప్పుపట్టుటకు గాక తెలిసికొనుటకు చదువ వచ్చునని వీరు చేసి చూపిరి. నలువదియేండ్లకు క్రొత్త లిపి నేర్చుకొన్నవారి యెదుట, మనకు తీరిక లేదను మాట నిలువదు.

అయితే గ్రంథము చదివినంతమాత్రమున జనులు తెలియరు. భగవద్గీతను చదివినవాడు మన గ్రామదేవత జాతరను గూర్చి యేమి చెప్పగలడు? అట్లే ఖురానును చదివినవాడు పీర్లచావిడిని గూర్చి చెప్పలేడు. అందుచేత రెండవ మార్గము, ఒకే మతము వేర్వేరు దేశములలో ఎట్లు ఆచరింపబడుచున్నదో పోల్చి చూచుట. లోకమునందలి ముసల్మానులలో అరబ్బులు సుమారు ఐదవ వంతు మాత్రమే. తక్కినవారు జావా, వంగదేశము, పారసీకము, తురుష్కదేశము, ఆఫ్రికా, మన దక్షిణాపథము మొదలగు చోట్ల నున్నారు. క్లిఫర్డ్ గీర్ట్జ్ అను అమెరికా పండితుడు 1968లో ప్రకటించిన గ్రంథమున మొరాకో, ఇండోనీషియా దేశములను రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి, ఒకే విశ్వాసము అచ్చట నొక తీరునను ఇచ్చట నొక తీరునను వేరూనిన విధమును వివరించెను.

దూరమేల? మొహర్రమునే చూతము. క్రీ. శ. 680లో కర్బలా మైదానమున ప్రవక్త మనుమడైన హుసేను చంపబడెను. ఆ యొక్క దుఃఖమునే పారసీకులు నాటకముగా నాడి విలపింతురు. సుమత్రా ద్వీపపు పశ్చిమతీరమున వెదురుతోను కాగితముతోను ఎత్తైన గోపురము కట్టి సముద్రమునకు మోసికొనిపోవుదురు. మన దేశమునుండి చెరకుతోటల కూలికి పోయినవారు దానిని ట్రినిడాడు దీవికి తీసికొనిపోగా, అచ్చట హిందూ కూలీలును ఆ యూరేగింపులో కలసిరి. 1884లో ప్రభుత్వము ఊరేగింపును అడ్డగించి కాల్పులు జరుపగా అనేకులు మరణించిరి. రాయలసీమలోనో, ఆ దినములే పీర్లపండుగ. పట్టుబట్టలు చుట్టిన పీర్లను చావిడినుండి ఎత్తుకొని, గుండమున నిప్పులమీద నడతురు. మొక్కులు చెల్లించువారిలో హిందువులును ఎందరో యుందురు. అనంతపురము సీమలోని గూగూడు కుళ్లాయప్ప పండుగను గూర్చి అఫ్సర్ మహమ్మదుగారు చేసిన పరిశోధనము 2013లో గ్రంథరూపమున వెలువడినది. మన సీమ ముసల్మానులలో అధికులు సున్నీలు, షియాలు కారు. అయినను హుసేను కథ వీరిదియు నైనది. ఇరుగుపొరుగున నున్న కాపులదియు బోయలదియు నైనది. హిజ్రీ సంవత్సరము చాంద్రమానము, 354 దినములది, అధికమాసము లేదు. కావున ఈ పండుగ ఏటేట పదునొకండు దినములు ముందునకు జరుగుచు, ఒకప్పుడు విత్తుకాలమునను ఒకప్పుడు కోతకాలమునను వచ్చును. అయినను మన రైతు దాని రాకను మరువడు.

ఇచ్చట రెండు తప్పుల నుండి కాపాడుకొనవలయును. గ్రంథమునందు లేని యాచారమంతయు భ్రష్టాచారమే యనుట మొదటి తప్పు. పీర్లపండుగ యంతయు హిందువుల జాతరయే, పైకి మాత్రము ముసల్మాను వేషము అనుట రెండవ తప్పు. ఈ రెండు తీర్పులును, మ్రొక్కుచున్నవాని నోటినుండి యొక్క మాటయైన వినకయే చెప్పునట్టివి. వీని బరువు మోసినవారు మన దూదేకులవారు, అనగా నూర్‌బాషీయులు. దూదిని ఏకుట వారి కులవృత్తి. తెలుగు వారి యింటిభాష. ఉర్దూ రానందున ఒకరు వారిని ముసల్మానులుగా లెక్కింపకయు, పేర్లలో అరబ్బు మాట యున్నందున వేరొకరు తెలుగువారుగా లెక్కింపకయు, ఇరుప్రక్కల సామెతలతో ఎగతాళి చేసిరి. తెలుగున మాటలాడుచు అల్లాకు మ్రొక్కుటలో విరోధమేమియు లేదని తేల్చుటకు ఎవరికిని గొప్ప పాండిత్యము అక్కరలేదు; వారి యింటికి పోయి కూర్చుండు ఓపిక చాలును.

అట్టి ఓపికగల పండితుడు మన తెలుగుగడ్డనే పుట్టెను. ఏలూరివాడైన జాఫరు షరీఫు తన తోటి దక్కను ముసల్మానుల పుట్టుక మొదలు చావు వరకుగల సంస్కారములను, పండుగలను, తాయెత్తులను, మొహర్రపు వేషములను సవిస్తరముగా వ్రాయగా, హెర్క్‌లాట్స్ అను వైద్యుడు దాని నింగ్లీషు చేసి 1832లో ఖానూనె ఇస్లాము పేరున లండనున అచ్చువేయించెను. 1921లో విలియం క్రూక్ దానిని సంస్కరించి మరల ప్రకటించెను. లోకపు విద్వాంసులు భారతదేశపు ముసల్మానుల యాచారములను గూర్చి వ్రాయునప్పుడు నేటికిని ఈ గ్రంథమును చూచుచున్నారు. తెలుగుదేశమువాడు తనవారిని గూర్చి తాను వ్రాసిన సాక్ష్యమిది. అట్టివానిని మన పాఠశాలలలో ఎందరెరుగుదురు?

మూడవ మార్గము, ప్రభువుల చరిత్రమును ప్రజల చరిత్రమును వేరుచేయుట. మన సీమ ఎన్ని రాజ్యములు చూచెనో తలచుకొనుడు. 1740లో దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్తు అలీఖాను మరాటీలతో పోరాడి మడిసెను. మదనపల్లెకు సమీపమునగల గుర్రంకొండ కోట కడప నవాబులనుండి మైసూరువారికి చిక్కినది. టిప్పు సుల్తాను మేనమామయైన మీర్ రజా అలీఖాను సమాధి అచ్చటనే యున్నది. హైదరాలీ 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులో కన్నుమూసెను. తరువాత గుర్రంకొండ సీమ నిజామునకును, 1800లో కుంఫిణీకిని పోయెను. అరువది యేండ్లలో ఇన్ని జెండాలు మారెను. జెండా మారినప్పుడెల్ల రైతు మతము మారెనా? మారలేదు. మగ్గము నేయువాడును, దూది యేకువాడును, గొఱ్ఱెలు మేపువాడును తమ తమ మ్రొక్కులతో అట్లే యుండిరి.

ఇస్లాము కత్తితోనే వ్యాపించెనను మాటను రిచర్డు ఈటన్ అను చరిత్రకారుడు 1993లో వంగదేశమును గూర్చి వ్రాసిన గ్రంథమున పరీక్షించెను. కత్తియే కారణమైనచో సుల్తానుల రాజధానియైన ఢిల్లీ చుట్టుప్రక్కల ముసల్మానులు అధికముగా నుండవలయును. కాని వారు అధికముగా నున్నది రాజధానికి దూరమైన తూర్పు వంగమున. అచ్చట అడవులు నరికి వరిపొలములు చేసిన కాలమున, ఆ పనికి ముందు నిలిచిన పీరుల వెంట, మసీదుల చుట్టును సేద్యగాండ్ర పల్లెలు పెరిగి మెల్లమెల్లగా ఆ విశ్వాసము నాటుకొనెనని ఆయన చూపెను.

ఇంతమాత్రమున ప్రభువులు చేసిన క్రౌర్యమును కప్పిపుచ్చరాదు. టిప్పు సుల్తాను విషయమే చూడుడు. 1791లో మరాటీ దండువారు శృంగేరి మఠమును కొల్లగొట్టగా, శారదాదేవి పునఃప్రతిష్ఠకు ధనము పంపుచు ఆయన జగద్గురువులకు వ్రాయించిన కన్నడ జాబులు 1916లో బయటపడెను. కొడగునను మలబారునను వేలకొలది జనులను చెరపట్టి బలిమిని మతము మార్పించినట్లును సాక్ష్యములు కలవు. మొదటిదానిని మాత్రమే చెప్పువాడును, రెండవదానిని మాత్రమే చెప్పువాడును, ఇరువురును వకీళ్లేగాని చరిత్రకారులు కారు. రెండు కాగితములను ఒకే బల్లమీద పరచి చదువువాడే చరిత్రకారుడు. మరియు ఒక సుల్తాను చేసిన మేలునకు గాని కీడునకు గాని, నేడు పుంగనూరులో టైలరు పని చేసికొను సాయిబుగారిని బాధ్యుని చేయుట ఏ ధర్మశాస్త్రమునను లేదు.

నాలుగవ మార్గము, భాషను సాక్షిగా పిలుచుట. మార్షల్ హాడ్జ్‌సన్ అను పండితుని గ్రంథము 1974లో, ఆయన మరణానంతరము, వెలువడెను. అందులో ఆయన ఇస్లామను మతమును, ముసల్మాను ప్రభువుల కాలమున పెరిగి అన్యమతస్థులకును సొత్తైన నాగరికతను వేర్వేరుగా నెంచవలెనని చెప్పెను. మన తెలుగే దీనికి నిదర్శనము. రైతు, జిల్లా, హక్కు, ఇనాము, తారీఖు, వసూలు, ఇవి యరబ్బీనుండి వచ్చినవి. ఖర్చు, ఫిర్యాదు, కాగితము, బజారు, ఇవి పారసీనుండి వచ్చినవి. దేవాలయపు మాన్యమునకును ఇనామనియే మన పేరు. విజయనగర ప్రభువులు హిందూరాయసురత్రాణ బిరుదము ధరించిరి. సభలో కుళ్లాయి, కబాయి తొడిగిరి. ఫిలిప్ వాగనరు 1996లో దీనిని సవిస్తరముగా వివరించెను. గూగూడు కుళ్లాయప్ప పేరులోనున్నదియు ఆ కుళ్లాయియే. గోలకొండ నేలిన ఇబ్రహీము కుతుబుషాకు అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెను. అచ్చతెలుగు కావ్యములలో మొదటిదగు యయాతిచరిత్రము అమీనుఖానునకు అంకితము. అచ్చతెలుగు తొలి కావ్యమునకు కృతిభర్త ముసల్మానగుట మనము మరువరాని సంగతి.

ఈ మార్గములన్నియు ఎక్కడనో నగరములలోని విద్వాంసులకు గాని మనకేల యందురేమో. ఇట్టి పనికి మన సీమకంటె అనువైన చోటు అరుదు. ఈ మూడు పట్టణములును 1911లో చిత్తూరు మండలమున చేరుటకు పూర్వము, మదనపల్లె కడపకును తక్కినవి ఉత్తరార్కాటునకును చేరియుండెను. కుప్పము చుట్టును తెలుగు, తమిళము, కన్నడము కలియుచున్నవి. నాలుగవదిగా దక్కనీ ఉర్దూ కలదు. ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో అచ్చటనే స్థాపింపబడినది. మదనపల్లెలో బిసెంటుగారు 1915లో కళాశాలను స్థాపించిరి. సర్వమతముల తులనాత్మకాధ్యయనము వారి దివ్యజ్ఞానసమాజపు మూడు ఉద్దేశములలో నొకటి. మెకంజీ దొరయు, ఆయనకు కుడిభుజమైన కావలి సోదరులును ఊరూర కైఫీయత్తులు వ్రాయించిన దేశమిది. కైఫీయత్తు అను మాటయు అరబ్బీయే.

కావున మా విన్నపము. మీ యూరి దర్గాకు, మసీదునకు, పీర్లచావిడికి సంబంధించిన ఇనాము కాగితములు ఎవరియింట నున్నవో విచారింపుడు. గోరీలమీది శాసనములు వానకు చెరుగకముందే ఉర్దూ, పారసీ చదువగలవారిచే చదివించి తెలుగున వ్రాయించుకొనుడు. మొహర్రము పాటలు వచ్చిన వృద్ధులయొద్ద, స్త్రీలయొద్ద ఆ పాటలను వారి నోటి మాటలోనే వ్రాసికొనుడు. అనుమతి లేక ఎవరి పూజాస్థలమునను ప్రవేశింపకుడు. వ్రాసినదానిని మొదట వారికే చదివి వినిపించి, వారు కాదన్నచోట ఆ కాదన్న మాటను గూడ వ్రాయుడు. ముసల్మాను యువకులు తమ ప్రక్కయింటి జాతరలను గూర్చి ఇట్లే విచారించినచో మరియు మేలు.

ఇట్లు వ్రాసిన పుస్తకము నూరుపుటలదైనను చాలును. ఊరిలో కలహమునకు ఎవడైన కట్టుకథ మోసికొని వచ్చిన దినమున, మా యూరి సంగతి మేమెరుగుదుమని ఆ పుస్తకమును చేతపట్టి నిలువగలవారు, ఇరుప్రక్కలను నలుగురేసి యుందురుగాక.