దేవుని వాక్యమును అడుగు విధము

చదువవలసిన భాగములు: ఆదికాండము 13:1–18, లూకా 12:13–21



తండ్రి చనిపోయిన తరువాత అన్నదమ్ములిద్దరు పొలము పంచుకొన్నారనుకొనుడి. నడుమ గట్టు వేసికొన్నారు. నాలుగేండ్లు గడచునప్పటికి ఆ గట్టు మూరెడు తనవైపునకు జరిగినట్లు తమ్మునికి తోచినది. మాట పెరిగినది, రాకపోకలు ఆగినవి. కోర్టుకు పోవలెనో మానవలెనో తెలియక తమ్ముడొక రాత్రి ప్రార్థన చేసి, కన్నులు మూసికొని బైబిలు తెరచి, ఒకచోట వ్రేలు పెట్టినాడు. యెహోషువ 1:3 వచ్చినది. వారు అడుగుపెట్టు ప్రతి స్థలమును ఇచ్చితినని దేవుడు చెప్పిన మాట అది. ప్రభువే సెలవిచ్చెనని సంతోషించి, తెల్లవారగానే వకీలు నొద్దకు పోయినాడు.

ఇది ఉదాహరణకై కల్పించి చెప్పినదే. అయినను ఇట్టి పని మనలో ఎవరును ఎన్నడును చేయలేదని చెప్పగలమా?

ఆ వచనము దేవుని మాటయే, సందేహము లేదు. అయితే మోషే చనిపోయిన తరువాత, ఇశ్రాయేలీయులను యొర్దాను దాటించవలసిన యెహోషువతో ఆయన పలికిన మాట అది. దూరమున నున్న కుమారుడు వ్రాసిన ఉత్తరములో నడిమి పంక్తి ఒక్కటి చదివి, సంగతి అంతయు తెలిసినదనుకొను తల్లి యుండునా?

వచనము ఎత్తి చెప్పుట అపవాదికిని తెలియును. దేవాలయ శిఖరముమీద వాడు 91వ కీర్తనలోని మాటనే ప్రభువుతో చెప్పెను. ప్రభువు ద్వితీయోపదేశకాండములోని మాటతో వానికి జవాబిచ్చెను (మత్తయి 4:5–7). లేఖనమును లేఖనముతో సరిచూచుట ఆయనయే మనకు నేర్పెను.

గనుక వాక్యమును అడుగునప్పుడు మూడు సంగతులు విచారింపవలెను.

మొదటిది: ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సమయమందు చెప్పిరి? ముందు వెనుక వచనములు తప్పక చదువుడి.

రెండవది: ఈ సంగతిని గూర్చి మిగిలిన లేఖనములు ఏమి బోధించుచున్నవి? బెరయ వారు పౌలు చెప్పిన మాటలను సహితము ప్రతిదినము లేఖనములలో వెదకి చూచిరి (అపొ. కార్యములు 17:11).

మూడవది: ఈ మాటవలన నేను క్రీస్తు మార్గమునకు వచ్చుచున్నానా, లేక నేను ముందే కోరుకొన్న దానికి దేవుని ముద్ర వేయించుకొనుచున్నానా?

ఆ తమ్ముడు ఈలాగు చదివిన యెడల ఏమి కనుగొనును? అబ్రాము పెద్దవాడై యుండియు, పశువుల కాపరులు జగడమాడినప్పుడు, ఏ భూమి కావలెనో కోరుకొనుమని లోతుకే విడిచెను. ఆస్తి పంపకమునకై తన నడిగిన వానికి ప్రభువు భాగము పంచి యియ్యక, లోభమును గూర్చి హెచ్చరించెను. తమ్ముడు మొదట తన హృదయమును కొలిచికొనవలెను.

అయితే గ్రంథము తమ్మునితో మాత్రమే మాటలాడునా? పొరుగువాని సరిహద్దు రాతిని తీసివేయకూడదని అన్నతో చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 19:14). నాబోతు ద్రాక్షతోటను అపహరించిన అహాబునకు దేవుడు తీర్పు పంపెను. గనుక అన్యాయమును సహించి ఊరకుండుమని బీదవానికి చెప్పుటకు వాక్యమును వాడకూడదు. సర్వేయరును పిలిచి కొలిపించుట పాపము కాదు. కాని మొదట అన్నయొద్దకు ఒంటరిగా పోయి మాటలాడవలెను. వినని యెడల ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవలెను. ఈ వరుస ప్రభువు పెట్టినదే (మత్తయి 18:15–17). గట్టు మూరెడు జరిగినను మరల సరిచేయవచ్చును. అన్న చనిపోయిన దినమున ఆ గడప త్రొక్కలేని తమ్ముడు దేనిని సరిచేయగలడు?

వాక్యము మన పాదములకు దీపమని 119వ కీర్తన బోధించుచున్నది. రాత్రివేళ మడికి నీరు కట్టబోవు రైతు చేతిలోని దీపము ఊరంతటిని చూపదు. కాలు మోపవలసిన చోటు చూపును. అది చాలును. అయితే చీకటి పడిన తరువాత నూనెకు వెదకుట తెలివి కాదు. కష్టము రాకమునుపే దినమునకొక అధ్యాయము చొప్పున వరుసగా చదువుడి. చదువురాని పెద్దలు పిల్లలచేత చదివించుకొని వినుడి. అప్పుడు అక్కరగల గడియలో ఆత్మదేవుడు ఆ మాటను జ్ఞాపకము చేయును.

కూడికలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. లోతు దేనిని చూచి తన భాగము కోరుకొనెను? దాని ఫలమేమి?
2. సందర్భము విడిచి మనము వాడుచున్న వచనములు ఏవైన కలవా?
3. ఈ వారము ఎవరి గడప త్రొక్కి సమాధానపడవలసి యున్నది?